దించడం నేర్పిన మేష్ట్రు

మా డ్రిల్ మేష్ట్రు పోయారు. నేను మా బడి మైదానంలో పిల్లలను వరసలో నిలబెడుతుంటే ఆయన భార్య ఫోన్ చేసింది. "పాపా, మీ సారు పొయినారు. పొద్దున ఆవుకి నీళ్ళు పెట్టొచ్చి అరుగు మీద కూర్చుండారు, అంతే" అంది. గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. చావు కబురు కూడా చెవిలో చెప్పినట్టే చెప్పింది. నేను మాత్రం పిల్లల ముందే భోరుమన్నాను.

దిబ్బూరహళ్ళిలో మేము చదివింది కన్నడ బడి కాబట్టి మాకు మాస్టరు గారు లేరు, మేష్ట్రే ఉన్నారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. మెడలో విజిల్ వేలాడేది గానీ ఊదగా చూసినవాళ్ళు లేరు, అంతా చేతి సైగే. మా నాన్న చింతామణి నుంచి వచ్చి ఆ ఊళ్ళో కొత్తగా అంగడి పెట్టాడు. ఒకరోజు నేను చక్కెర మూట ఎత్తి లోపల పెడుతుంటే, సబ్బు కొనడానికి వచ్చిన మేష్ట్రు సబ్బు మరిచిపోయి నిలబడిపోయారు.

"నడుము వంచకుండా ఎత్తేది ఎవరు నేర్పినారు పాపా నీకు?"

"మా అంగడిలో రెండు నెలలు ఉంటే ఎవరికైనా వస్తాది సార్" అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే.

మరుసటి రోజే వాళ్ళ మిద్దె మీది గదికి పిలిచారు. అక్కడ ఆయన వయసులో ఉన్నప్పుడు ఎత్తిన ఇనప బార్, చుట్టూ బరువు బిళ్ళలు ఉన్నాయి. బడిలో అలాంటివేమీ లేవు. ఎత్తమన్నారు, ఎత్తాను. తరవాత ఏం చెయ్యాలో తెలియక చేతులు తీసేశాను. మిద్దె మొత్తం అదిరింది. మల్బరీ ఆకు తరిగే కత్తి చేతిలోనే పట్టుకుని ఆయన భార్య మెట్లెక్కి వచ్చి, గుసగుసగానే గదిమింది.

"ఏమయ్యా, మిద్దె కూలదోస్తాండారా? కింద జ్వరానికి కూర్చోనుండాయి!"

అయ్యో, పిల్లలకు జ్వరం కాబోలు అనుకున్నాను. సాయంత్రం మా అంగడి నుంచి ఒక బ్రెడ్డు, గ్లూకోజ్ ప్యాకెట్టు పట్టుకుని పరామర్శకు వెళ్ళాను. ఆమె బ్రెడ్డు వైపు చూసింది, నా వైపు చూసింది, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. తరవాత కింది గదిలోకి తీసుకుపోయి తట్టలు చూపించింది. పట్టుపురుగులు తల ఎత్తి, ఆకు ముట్టకుండా, కదలకుండా ఉన్నాయి. చర్మం విడిచే ముందు అవి అలా ఉంటాయట, దాన్నే జ్వరం అంటారట. అప్పుడు అదురు తగిలితే పురుగు సరిగా లేవదని ఆమె నమ్మకం. వ్యాపారస్తుల పిల్లకు ఇవన్నీ ఎలా తెలుస్తాయి? ఆ బ్రెడ్డు మేష్ట్రు, నేను కాఫీలో ముంచుకుని తిన్నాం.

ఇంకొకరైతే ఎత్తడమే మానెయ్యమనేవారు. మేష్ట్రు మాన్పించలేదు, ఇంటావిడ మాటా తీసెయ్యలేదు. ముందు కొబ్బరి నార పరుపు వేశారు. బార్ దాని మీద పడి ఎగిరి నా మోకాలి చిప్ప దాకా వచ్చింది. తరవాత ఇసుక మూటలు. చప్పుడు తగ్గింది, కానీ కింద తట్టల పక్కన పెట్టిన నీళ్ళ చెంబులో అలలు లేస్తూనే ఉన్నాయి. ఆమె కింద నుంచి "అదిరింది!" అని చెప్పేది, ఈయన పైన తల గోక్కునేవారు.

"చప్పుడు వేరు, అదురు వేరు పాపా. చప్పుడు చెవికి పోతాది, అదురు గోడకి పోతాది. రెండిటికీ ఒకే మందు వేస్తాండాము మనం" అన్నారు ఒకరోజు.

అప్పటి నుంచి రెండింటికీ రెండు మందులు వేశారు. బార్‌ను గది నడిమి నుంచి జరిపి, కింద గోడ ఉన్న మూలకు తెచ్చారు. మిద్దె నడుమ డోలు చర్మంలా మోగుతుందట, గోడ మీద మోగదట. పాత లారీ టైర్లు కోసి పరిచి, వాటి మీద చెక్క పలక వేసి, పలక మీద ఆవుల కొట్టంలో వేసే రబ్బరు మ్యాట్లు రెండు దొంతరలుగా పరిచారు. ఆ మ్యాట్లు నిజంగానే ఆవు కింద నుంచి తీసినవి. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు. ఇప్పటికీ ఏ జిమ్ముకు పోయినా వాసన లేదేమిటా అనిపిస్తుంది.

అంత చేసినా చెంబులో సన్నగా వణుకు మిగిలింది. "ఇంక మిగిలింది నీ చేతులే" అన్నారు మేష్ట్రు.

అలా మొదలైంది దించే చదువు. తల మీది నుంచి భుజానికి, భుజం నుంచి తొడకు, తొడ నుంచి నేలకు. ప్రతి చోటా ఒక ఊపిరి. "ఎత్తేది కండ, దించేది బుద్ధి" అనేవారు. నాకు విసుగొచ్చి గొణిగితే "బరువు నీది పాపా, చప్పుడు ఊరిది" అనేవారు. చివరికి ఒకరోజు ఎత్తి దించాక కింద నుంచి ఏ మాటా రాలేదు. మేష్ట్రు వంగి మెట్ల మీది నుంచి అడిగారు, "ఏమాయె?"

"ఏమి ఏమాయె? ఇంకా ఎత్తనే లేదు కదా?" అందామె.

ఆయన అంత సంతోషపడగా మళ్ళీ నేను చూడలేదు.

రాష్ట్ర పోటీలకు బెంగళూరు తీసుకుపోయింది ఆయనే. అందులో గెలిస్తే క్రీడా హాస్టల్లో సీటు, అసలైన కోచ్, అసలైన తిండి. నా బతుకు ఆ సీటు మీద ఉందని నాకంటే ఆయనకు ఎక్కువ తెలుసు. మొదటిసారి ఎత్తాను. రెఫరీ "డౌన్" అన్నాడు. అక్కడ ఆ మాట వినగానే అందరూ వదిలేస్తారు, బార్ ధబ్బున పడుతుంది, అందుకే ఆ వేదిక కట్టారు. నేను దించాను. భుజం, తొడ, నేల. జనం నవ్వారు. ఎవరో "మెల్లగమ్మా, లేస్తాది బిడ్డ!" అని అరిచారు.

"వదులు పాపా! వదిలెయ్!"

ఎవరా అని చూస్తే మా మేష్ట్రు. ఆయనకు అంత గొంతు ఉందని నాకు అప్పుడే తెలిసింది. రెండోసారీ ఎత్తాను, వదలాలనే అనుకున్నాను, చేతులు వినలేదు. దించుతుండగా తొడ దగ్గర నడుము పట్టేసింది. మూడోసారి బార్ మోకాళ్ళు దాటి రాలేదు. సీటు పక్క జిల్లా అమ్మాయికి పోయింది. ఆ పిల్ల మంచిది, వచ్చి నా నడుముకు బామ్ రాసింది.

తిరుగు బస్సులో మేష్ట్రు అన్నారు, "సగం విద్యే చెప్పినాను నీకు. వదిలేది చెప్పలేదు."

"వదిలేదేమి విద్య సార్? చేతులు తీస్తే అదే పడతాది."

"మరి ఎందుకు తియ్యలేదు?"

నేను కిటికీ వైపు తిరిగి నడుము నొక్కుకున్నాను.

ఆ తరవాత ఆయన ఆ గదికి ఇంకెవరినీ పిలవలేదు. ఉత్సాహంగా వచ్చిన ఆడపిల్లలను "నా మిద్దె మీద నేర్చుకుంటే చెడిపోతారమ్మా" అని పంపేశారు. నేను పోయి పోట్లాడాను. తప్పు మీది కాదు, పురుగులది కాదు, ఎవరిదీ కాదని గొంతు చించుకున్నాను. "సరే" అన్నారు. ఆయన సరే అన్నారంటే ఒప్పుకోలేదని అర్థం. నాకు పి.టి. టీచరు ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తీసుకుపోతే, ఒకటి నోట్లో వేసుకుని "ఆడాల్సిన దానివి, ఆడించే దానివి అయినావు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నా పని నాకు ఇష్టం, నా పిల్లలంటే ప్రాణం, ఆ మాట ఎన్ని రకాలుగా చెప్పినా ఆయన చెవిన పడలేదు. బాగున్నానంటే నమ్మని మనిషిని ఏం చెయ్యగలం? నమ్మించకుండానే పంపేశానన్న బాధ నన్ను ఇప్పుడు తినేస్తోంది.

చింతామణిలో ఈమధ్య ఇంట్లోనే జిమ్ములు పెట్టుకుంటున్నారు. కింది వాటావాళ్ళు గొడవ చేస్తున్నారని, ఏం పరచమంటారని నన్ను అడుగుతుంటారు. గోడ పక్కకు జరపమంటాను, పలక కింద ఒక రబ్బరు, పైన ఒక రబ్బరు వెయ్యమంటాను. చేతులతో దించమని మాత్రం చెప్పను. చెప్పాల్సిన మాటే అది, కానీ నోరు రాదు.

దినాలనాడు భోజనాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. మేష్ట్రు భార్య నన్ను మెట్ల దగ్గరకు తీసుకుపోయింది. పురుగులు మేపడం ఆమె మానేసి చాలా కాలమైంది.

"ఆయన చానాసార్లు చెప్పినారు పాపా. ఆ పిల్ల ఒక్కసారి ఎత్తి పడేస్తే ఆ చప్పుడు వినాల అని. ఆయన ఉండగా నిన్ను అడగలేకపాయ. ఇప్పుడన్నా పడెయ్యి. గోడ పగిలితే పగలనీ, నేను వింటాను."

ఒక్కదాన్నే పైకి వెళ్ళాను. కొంగు నడుముకు దోపి, నాకు చాతనైనంత బరువు ఎక్కించి, ఎత్తాను. చేతులు తల మీద నిలిచాయి. వదులు, అన్నాను. పైకే అన్నాను, ఆయన అరిచినట్టే అరిచాను. భుజం, తొడ, నేల.

వంగిన దాన్ని వంగినట్టే కిటికీలోంచి కిందికి చూశాను. ఆమె వాకిట్లో తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, రెండు చేతులతో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. బార్ నేలకు ఆనిన సంగతి ఆమెకు ఇంకా తెలియదు.