ఖాళీ చేయని గదులు

2005లో తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్నాను. మా పని మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్కులు తయారు చేయడం. లోహాన్నీ సేంద్రియ పదార్థాన్నీ కలిపితే వచ్చే పొడి అది. లోపలంతా కంటికి కనపడని గదులు. పొగగొట్టాల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఆ గదుల్లో పట్టి ఉంచవచ్చని ఆశ.

గ్యాసును కచ్చితంగా కొలిచే యంత్రం బెంగళూరులో ఉండేది. మా ల్యాబుకు ఒక్క శాంపిల్‌కే అవకాశం దొరికింది. అది నాదే కావాలి. ఆ పొడిని మా దగ్గర మొదట చేసింది నేను. సత్యవేడు నుంచి నా తర్వాత వచ్చి చేరిన మురళికి పని నేర్పిందీ నేనే.

నా పొడిలోని స్ఫటికాలు లేత నీలం, చూడముచ్చటగా ఉండేవి. మురళి మూత బిగించి పెట్టుకున్న సీసాలోది నల్లబారిన నీలం.

“మాడ్చి పెట్టినావు గదబ్బా,” అన్నాను నలుగురి ముందు. అతను నవ్వాడు. ఆ నవ్వును నేను మరిచిపోలేదు.

మా సార్ రెండింటి మీదుగా గ్యాసు పంపి తూచారు. మురళిది బరువు పెరిగింది. నాది పెరగలేదు.

“నీ గదులు ఖాళీగా యాడుండాయన్నా?” అన్నాడు మురళి. “తయారీలో కరిగించేదానికి పోసిన సాల్వెంటు ఇంకా లోపలే కూసోనుండాది. కొండకొచ్చినోళ్లు లాడ్జి రూము ఖాళీ చెయ్యకముందే కొత్తోళ్లకు తాళమిస్తే యాడ దిగతారు? నేను వ్యాక్యూమ్‌లో వేడి చేసి అంతా తరిమినాను. రంగు మారింది అందుకే.”

“దినామూ నా సీసా సూస్తానే ఉండావే. ముందే చెప్పకూడదా?”

“మాడ్చినానంటివే. మాడ్చినోడి మాట ఏం వింటావులే అనుకున్నా.”

అందరూ నవ్వారు, సార్‌తో సహా. బెంగళూరు బస్సు మురళి ఎక్కాడు. ఆ లాడ్జి పోలికను సార్ సెమినార్‌లో మురళి పేరు చెప్పి మరీ వాడారు. మురళికి పని నేర్పిన వాడి పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. రెండు సీసాలూ బల్ల మీద పెట్టి, ఏది పనికొస్తుందని అడుగుతాను. పిల్లలు ప్రతిసారీ లేత నీలాన్నే చూపిస్తారు. అది నిండిపోయి ఉంది, ఇక దేన్నీ పట్టుకోలేదు, పట్టాలంటే ముందు ఖాళీ చేయాలి అని చెబుతాను. నాకు ఆ ల్యాబు నేర్పింది అదే.

లాడ్జి పోలికా చెబుతాను. అది ఎవరిదో మాత్రం చెప్పను.