మెదడు బొమ్మ చూపించే మా మరిది

ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ కన్నా ముందు మా మరిది తన మెదడు స్కానింగ్ ఫిల్మును కిటికీ వెలుగుకి పెట్టి చూపించేవాడు. "తప్పు నాది కాదు, దీనిది. సూడండి" అంటూ ఒక మచ్చ మీద వేలు పెట్టేవాడు. ఆ వేలు ఏ రోజూ నిన్నటి చోట ఆగేది కాదు.

తాగుడు పాపం కాదు, మెదడు జబ్బని బరంపురం డాక్టరు చెప్పిన రోజు నేను దేవుడికి దీపం పెట్టి దండం పెట్టుకున్నాను. ఇంట్లో తిట్లు ఆగాయి. మందులతో తాగుడూ ఆగింది.

దాంతోపాటు ఇంకొకటీ ఆగింది. రాత్రి ఎంత తాగినా పొద్దున్నే స్నానం చేసి, మా కిరాణా కొట్టు తెరిచి, బోణీ తన చేత్తోనే చేసేవాడు. ఇప్పుడు తాళాలు మావారు తీసుకున్నారు.

"మెదడు బాగోలేనోడు కాటా ముందు ఏటి కూకుంటాడు? రెస్టు తీసుకోనీ" అన్నారు, ఎంతో ప్రేమగా.

ఆర్నెల్ల రెస్టు తరవాత ఒక ఉదయం మరిది వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫిల్ము లేదు.

"తాగుబోతునని తిట్టినన్నాళ్ళూ తాళాలు నా దగ్గరే ఉండీవి. ఒక్కసారి తిట్టొదినా."

నాకు ఇంట్లోనే చదువు చెప్పిన మా నాన్న తిట్లు నేర్పలేదు. అయినా దేవుణ్ణి తలచుకుని, మావారి చొక్కా జేబులోని తాళాలు తీసి మరిది చేతిలో పడేశాను.

"సిగ్గు నేదా? పొద్దెక్కిపోతంది. ఎల్లి కొట్టు తియ్యి!"

మావారికి స్నానమూ పూజా బాగా ఆలస్యం. అదీ దేవుడి దయే. ఆయన చొక్కా వెతుక్కునేసరికి బోణీ అయిపోయింది.