పెద్దనాయన మింగని మాత్ర

తమిళనాడు కోవిల్‌పట్టిలో మా పెద్దనాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే పని చేసేవాడు. కట్టలోంచి ఒక పెట్టె లాగి, పుల్ల గీసి, అది మండితేనే కట్టను లారీ ఎక్కనిచ్చేవాడు. ఇంట్లోనూ అదే పద్ధతి. కొత్త గొడుగు కొంటే కొళాయి కింద పట్టి చూసేవాడు.

తొంభైల చివర్లో ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. మనిషి చిక్కిపోయాడు. తిన్న నూనె తిన్నట్టే బయటికి వచ్చేస్తోందని, ఇంటికొచ్చిన చుట్టాలకు వాళ్లు అన్నం తింటుండగానే వివరంగా చెప్పేవాడు. మదురై డాక్టరు చూసి, క్లోమం దెబ్బతిందని, కొవ్వును అరిగించే ఎంజైము చాలినంత ఊరడం లేదని, భోజనంతో మింగమని మాత్రలు రాసిచ్చాడు. నూనె తగ్గించమని కూడా అన్నాడు. ఆ మాట ఆయన చెవిన పడినట్టు లేదు.

నేనప్పుడు విరుదునగర్‌లో జంతుశాస్త్రం చదువుతున్నాను. ఒక శనివారం పెద్దనాయన కాలేజీకి వచ్చి, పరోటాను నూనెలో ముంచి వేయించే నూనె పరోటా అంగడికి నన్ను తీసుకుపోయాడు. పరోటా వచ్చింది. ఆయన మాత్ర మింగలేదు. దాని తొడుగు విప్పి, లోపలి గింజల్ని పరోటా మీద చల్లి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"అరుగుతాదో లేదో తరవాత చూద్దాం. ముందు నూనెను ఏం చేస్తాదో కంటితో చూడాల" అన్నాడు నాతో.

పక్క బల్లవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. నూనె నూనెలాగే ఉంది. ఇంతలో అంగడాయన వచ్చి, తన పరోటా మీద ఏం మందు చల్లావని తమిళంలో గట్టిగా నిలదీశాడు. ఇది నూనెను విరిచే మందని పెద్దనాయన చెప్పాడు. తన నూనె అంత సులభంగా విరిగే రకం కాదని అంగడాయన రోషంగా జవాబిచ్చాడు. చూస్తున్నవాళ్లు అంగడాయన పక్షమే వహించారు.

ఆ సాయంత్రం బస్సులో కోవిల్‌పట్టికి తిరిగి వస్తూ పెద్దనాయనకు కాలేజీలో నేర్చుకున్నదంతా చెప్పాను. పైత్యరసం సబ్బులాగా పనిచేసి కొవ్వును సన్నని బొట్లుగా చేస్తుంది. అప్పుడు ఎంజైము ఒక్కో బొట్టునూ పట్టుకుని కోస్తుంది. కోస్తే పులుపు గుణమున్న ఆమ్లాలు వస్తాయి. ఇవన్నీ పేగులో జరిగే పనులు, పళ్లెంలో జరగవు.

"అట్లయితే పేగు మాదిరి ఒకటి చేసి చూపించు" అన్నాడాయన.

ఇంట్లో రెండు గ్లాసుల్లో గోరువెచ్చని పాలు పోశాను. పసుపు, గోటి మీదంత సున్నం కలిపితే ఆరతి నీళ్లలాగా ఎర్రబడ్డాయి. సబ్బునీళ్లు రెండు చుక్కలు వేశాను. ఒక గ్లాసులో మాత్రం మాత్ర గింజల్ని నూరి కలిపి, రెంటినీ వేడినీళ్ల గిన్నెలో పెట్టాను. ఇంటిల్లిపాదీ టీవీ కట్టేసి గ్లాసుల ముందు కూర్చున్నారు.

చాలాసేపటికి మాత్ర వేసిన గ్లాసులో ఎరుపు పలచబడి, పసుపు రంగు తేలింది. రెండోది ఎర్రగానే ఉంది. పాలకొవ్వు తెగి ఆమ్లాలు పుట్టి, సున్నం ఘాటును తగ్గించాయని నేను చెబుతున్నా ఎవరూ వినలేదు. పెద్దనాయన తల్లి, మా అవ్వ, అప్పటికే లేచి నిలబడింది.

"ఎర్ర నీళ్లు పచ్చబడినాయంటే దిష్టి దిగినట్టే. ఇట్లా తిరిగి కూచోరా" అని పెద్దనాయనకు ఆ గ్లాసుతోనే మూడుసార్లు దిష్టి తీసి, వీధి మలుపులో పారబోసి వచ్చింది.

ఆ పూట నుంచి ఆయన మాత్రలు మింగాడు. కొన్ని నెలలకు ఒళ్లు చేసింది. తరవాత వెళ్లినప్పుడు, మందు బాగానే ఉంది, ధైర్యంగా అందరికీ రాయొచ్చని మదురై డాక్టరుకు అనుమతి కూడా ఇచ్చి వచ్చాడు.

ఇబ్బందల్లా మా వీధి ఆడవాళ్లతో వచ్చింది. పిల్లలకు జలుబు చేస్తే చాలు, రంగు మారే ఆరతి కోసం ఒక మాత్ర ఇమ్మని మా గడపలో నిలబడేవాళ్లు. అవ్వ ఎవరికీ లేదనేది కాదు. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్న పెద్దనాయన మాత్రల డబ్బా ఊపి చూసుకుని, చప్పుడు లేకపోయేసరికి పప్పులో నెయ్యి వేయొద్దని విసుక్కునేవాడు.