బాపు డంపరుకు కొత్త గ్రాఫిక్స్ కార్డు

మా బాపు చంద్రపూర్ దగ్గరి దుర్గాపూర్ బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపి రిటైరయ్యాడు. సర్వీసంతా ఒక్క యాక్సిడెంటూ చేయలేదని వీధిలో అందరికీ చెప్తాడు. ఇప్పుడు మా సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లో డంపర్లు నడిపే గేమ్ ఆడుతున్నాడు. ఆ పాత డబ్బాలో బొమ్మ ఆగి ఆగి కదిలేది. "గిది డంపరా, ఎడ్లబండా?" అని రోజూ నన్నే తిట్టేవాడు.

పోరు పడలేక ఈ రోజు బాపును, ఆ డబ్బాను చంద్రపూర్ బజారుకు తీసుకెళ్లి, ఎక్కువ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు వేయించాను. కార్డు పెద్దదై డబ్బా మూత పట్టలేదు. మూత చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాం.

సాయంత్రం బాపు గేమ్ పెట్టాడు. బొమ్మ అద్దంలా కనిపించింది. రెండో మలుపులోనే డంపర్ తిన్నగా గోతిలో పడింది.

అమ్మ నవ్వాపుకోలేక, "నౌకరిల గిట్లనే నడిపినవా?" అంది.

"గనిల దుమ్ముకు ముంగట ఏం కనవడకపోయేది, భయంతోని నడుపుతుంటి. గీ గేమ్‌ల గుట్టలు, మబ్బులు సుత మంచిగ కనవడుతున్నయ్. గవి చూసుకుంట పోయిన," అన్నాడు బాపు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఇప్పటికి నాలుగు డంపర్లు గోతిలో ఉన్నాయి. గ్రాఫిక్స్ మెమరీ తగ్గించే దుకాణం మీకెక్కడైనా తెలిస్తే చెప్పండి.