అక్క కాళ్లకు వంగని నడుము

ముందే చెప్పేస్తున్నాను: నేను చెప్పేదాంట్లో సగం కోసి పారేయండి. మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తారు.

ఆయాసానికి ఏళ్ల తరబడి మింగిన మాత్రలు నా ఎముకలను గుల్ల చేశాయని వేలూరు ఆసుపత్రిలో తేల్చారు. ఎక్స్‌రేలో నా వెన్నెముక బొరుగుల మూటలా కనిపించింది. వ్యాయామం నేర్పే గదిలో నేనొక్కణ్ణే మగవాణ్ణి. తక్కినవాళ్లంతా అవ్వలు, అందరిలోకీ చిన్నామెకు తొంభై ఏళ్లు. చేతులు రొమ్ముకు కట్టుకుని కుర్చీలోంచి లేవాలి. అవ్వలు పిచ్చుకల్లా లేచారు. నేను లేవబోతే ఆసుపత్రి పునాదులు కదిలాయి గానీ నేను కదల్లేదు.

“ఏం నాయనా, కుర్చీ నిన్ను వదల్నంటా ఉండాదా?” అంది పక్కనున్న అవ్వ.

“దానికి నేనంటే ప్రాణం అవ్వా.”

“అయితే ఇంటికి ఎత్తుకోని పో. మిగతావోళ్లు లేచి శానా సేపయింది.”

నేర్పే అమ్మాయి మాత్రం నవ్వలేదు. “నడుం ముందుకు వంచొద్దు సార్, వెన్నుపూస నలిగిపోతాది. కిందికి దిగాలంటే వీపు నిటారుగా పెట్టి ఒక మోకాలు నేలకు ఆనించండి. లేచేటప్పుడు కుర్చీ పట్టుకోండి” అంది.

మా ఊరు గుడియాత్తంలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ముసలమ్మల జబ్బు నాకొచ్చిందంటే మావాళ్లు మూడు తరాలు నవ్వుకుంటారు. వేలూరు ఎందుకంటే పంటినొప్పి అన్నాను. పోయినన్ని సార్లకు నోట్లో ఒక్క పన్నూ మిగలకూడదు.

ఇంతలో అక్క కొత్తింట్లో పాలు పొంగించింది. అక్క కొత్తింట్లో దిగితే తమ్ముడు చీర పెట్టి కాళ్లకు మొక్కాలి. మొక్కకపోతే మా వాళ్లలో తెగతెంపులు చేసుకున్నట్టే. నాలుగు వందల మంది చూస్తుండగా చీర పళ్లెంతో అక్క ముందు నిలబడ్డాను.

“వంగరా అప్పా, నడుముకు గంజి పెట్టినారా ఏం?” అంది అక్క.

మోకాలు ఆనించి దిగవచ్చు. కానీ లేవడానికి కుర్చీ కావాలి. కుర్చీ అడిగితే ఎందుకంటారు. అక్క ముఖం వాడిపోతోంది. చివరికి, “నా ఎముకలు గుల్లబారినాయక్కా, వంగితే విరుగుతాయి” అన్నాను. అక్క కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిలువెత్తు అరుగు మీదికి ఎక్కింది. “ఇప్పుడు అందుతాయి, మొక్కు” అంది. నిటారుగా నిలబడే అక్క పాదాలు తాకాను.

కోయాల్సింది ఏదో చెప్పాలి కదా. అవ్వల వయసు, జనం లెక్క మీరే కోసుకుని ఉంటారు. నేను అల్లింది ఆ అరుగు. అక్క కొత్తింటికి అరుగే లేదు. ఎముకల మాట నేను ఎత్తనూ లేదు. “నడుం పట్టేసిందక్కా” అన్నాను.

“పొద్దున తోరణం కట్టేటప్పుడు పట్టలేదే” అంది అక్క. తర్వాత “శరి, పోనీ” అని చీర అందుకుని లోపలికి పోయింది. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడలేదు.

రోజూ తలుపు గడియపెట్టుకుని ఒక మోకాలు ఆనించి దిగుతున్నాను. లేచేటప్పుడు ఇంకా కుర్చీ పట్టుకోవాల్సి వస్తోంది.