దెబ్బల బుక్కు

పత్తి సీజన్ మొదలైందంటే భైంసాలో ఎవరి కనుబొమ్మలు చూసినా తెల్లగానే ఉండేవి. దసరా దాటిన వారానికి నల్లరేగడి ఊళ్ల నుంచి బండ్లు కదిలేవి. పత్తి కూరిన బోరాలు కట్టిన ఎడ్లబండ్లు బజారు పొడుగునా నిలబడితే మనుషులు నడవడానికి సందు దొరికేది కాదు. గాలి ఎటు వీస్తే అటు దూది నలుసులు లేచేవి. చాయ్ గ్లాసులో పడేవి, అన్నంలో పడేవి, పడుకున్న పిల్లల రెప్పల మీద వాలేవి. సిద్దిరాములు ఉద్యోగం మానేసి ధర్మపురికి వచ్చాక కూడా ఆ కాలం వచ్చినప్పుడల్లా ముక్కు రుద్దుకునేవాడు. అక్కడ నలుసులేవీ ఉండవు. ఒట్టి అలవాటు.

ఆయన భైంసాలో ఒక పత్తి గిర్నికి హాజిరీ ముంషీ, అంటే కూలీల హాజరు రాసే గుమస్తా. గేటు పక్కన చిన్న గది, అందులో ఒక గల్లా పెట్టె, దాని మీద మందపాటి హాజిరీ బుక్కు. ఉర్దూ మిడిల్ పాసయినవాడు. చేతిరాత ముత్యాల కోవలా ఉండేదని తహసీల్ గుమస్తాలు కూడా మెచ్చుకునేవారు. పొద్దున్నే గేటు తీయగానే తల ఎత్తకుండానే పేర్లు రాసుకుంటూ పోయేవాడు. కడియాల చప్పుడు వింటే చాలు, వచ్చింది ఏ వాడ మనిషో ఆయనకు తెలిసిపోయేది. "ముంషీ సాబ్, మొకం సూడకుంటనే ఎట్ల రాస్తవయ్యా?" అని వాళ్లు నవ్వితే, "మీ నడకే మీ దస్తకత్" అనేవాడు.

గిర్ని లోపల రెండు వరుసల్లో పదేసి మిషన్లు. ఒక్కో మిషన్ ముందు ఒక ఆడమనిషి ఎత్తుపీట మీద కూచుని పిడికెడు పిడికెడు పత్తి అందించేది. తోలు చుట్టిన రోలరు దూదిని అటు లాగేసేది, గింజలు ఇటు కింద రాలిపోయేవి. ఆయిల్ ఇంజన్ చప్పుడుకు పక్కమనిషి మాట వినబడేది కాదు. అందుకని వాళ్లు పెదాలు చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. పండుగలూ, కొట్లాటలూ, పెళ్లి సంబంధాలూ అన్నీ ఆ చప్పుడు మధ్యే పెదాల మీద నడిచిపోయేవి.

పోలీస్ యాక్షన్ అయిన మూడో ఏడు హైదరాబాద్ నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఒకాయన వచ్చాడు. కొత్త చట్టం వచ్చిందని చెప్పి, గీతలు కొట్టిన ఒక రిజిస్టర్ ఇచ్చి వెళ్లాడు. గిర్నిలో ఎవరికైనా దెబ్బ తగిలి రెండు దినాలకు మించి పనికి రాలేకపోతే, ఆ మనిషి పేరు, తారీకు, వేళ, ఏ మిషన్, ఏ దెబ్బ, ఎందుకు తగిలింది, చూసినవాళ్లెవరు, ఇవన్నీ అందులో రాయాలి. రాసి, ఆఫీసుకు కాగితం పంపాలి.

ఇన్‌స్పెక్టర్ ఎక్కిన బస్సు కదిలిందో లేదో, గిర్ని యజమాని సేట్ సిద్దిరాములును పిలిచాడు. సేట్ చెడ్డ మనిషేం కాదు. పండక్కి అందరికీ చీరలు పెట్టేవాడు. పేరు పేరునా పలకరించేవాడు. కానీ గిర్ని పేరు మీద మాట పడితే ఓర్చుకోలేడు.

"సిద్దిరాములూ, గీ కితాబును బట్టల చుట్టి అల్మారల పెట్టు. మన గిర్నిల ఎవ్వలికి దెబ్బలు తాకుతలేవు. సమజైందా?"

"సమజైంది సేట్."

సమజైనట్టే నడుచుకున్నాడు. నాలుగేండ్లు ఆ రిజిస్టర్‌కు సిరా తగలలేదు. దెబ్బలు మాత్రం తగులుతూనే ఉన్నాయి. తగిలినవాళ్లను బండిలో దవాఖానకు పంపేవారు. వాళ్లు రాని దినాలకు హాజిరీ బుక్కులో పేరు పక్కన 'గైర్ హాజర్' అని పడేది. నిజానికి అంత కూడా రాసేవాడు కాదు. ఉర్దూలో ఆ మాటకు మొదటిదైన గైన్ అక్షరం ఒక్కటి గీసి ఊరుకునేవాడు.

యాభై అయిదో సంవత్సరం, సంక్రాంతి వెళ్లిన వారం. ఏడో మిషన్ దగ్గర కూచునే దేవవ్వ కుడిచేతి రెండు వేళ్లు రోలరులో పోయాయి. అరుపు ఇంజన్ చప్పుడులో కలిసిపోయింది. పక్కమనిషి లేచి పరుగెత్తడం చూసి ఇంజన్ ఆపారు. సిద్దిరాములే తన రుమాలు చించి చేయి కట్టాడు. బండిలో తల దగ్గర తనే కూచున్నాడు. దవాఖాన చేరేదాకా దేవవ్వ చూరు అంచుల్నీ, చెట్ల కొమ్మల్నీ చూస్తూ పడుకుంది.

ఇరవై దినాల తర్వాత ఆమె గేటు దగ్గరికి వచ్చింది. చేతికి ఇంకా కట్టు ఉంది. గింజలు చెరిగే పనయినా చేస్తానని అడగడానికి వచ్చింది. సిద్దిరాములు స్టూలు జరిపి కూచోమన్నాడు.

"సిద్దన్నా, ఒక ముచ్చట అడుగుత. నేను రాని దినాలకు నీ బుక్కుల ఏం రాసినవ్?"

ఆయన సర్దుకుని కూచున్నాడు. "అందరికి రాసినట్టే రాసిన. గైర్ హాజర్."

"అంటే?"

"అంటే పనికి రాలేదని."

దేవవ్వ కొంచెంసేపు ఆ బుక్కు వైపే చూసింది. ఆమెకు చదువు రాదు. "నేను రాలే, నిజమే. నా వేళ్లయితే ఈడనే ఉండె గద సిద్దన్నా. గైర్ హాజర్ ఎట్లయిత?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. సిద్దిరాములు కుండలోంచి గ్లాసు ముంచాడు. "జర కూసో, నీళ్లు తాగు" అన్నాడు. ఆమె నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆయన ఆ పూట భోజనానికి ఇంటికి పోలేదు. తన చేతిరాత అంటే ఆయనకు లోపల్లోపల గర్వం ఉండేది. ఆ చేత్తోనే ఏండ్ల తరబడి ఏం రాస్తూ వచ్చాడో మొదటిసారి ఆయనకు కనబడింది. మధ్యాహ్నం సేట్ నిద్రకు పోయాక అల్మారా తెరిచి, బట్ట విప్పి, రిజిస్టర్ బయటికి తీశాడు. మొదటి పంక్తిలో దేవవ్వ పేరు రాశాడు.

పత్తిగింజంత మాట కూడా గిర్నిలో దాగదు. మర్నాడే చంద్రవ్వ వచ్చి గది గడప మీద కూచుంది. గిర్ని మొదలైన నాటి నుంచి పనిచేస్తున్న పెద్దమనిషి ఆమె, ఆడవాళ్లందరి చేత పని చేయించే ముకద్దం. పోయినేడు ఆమె బొటనవేలు నలిగింది.

"నాది సుత రాయి బిడ్డా. దేవవ్వ దెబ్బే దెబ్బనా?"

"పెద్దవ్వా, తారీకు గావాలె గద. యాదికున్నదా?"

"తారీకులు నాకేం ఎర్కర? పుష్యంల అమాస ముందటి బేస్తారం. నాందేడు బస్సు పోయినంక జరసేపటికి."

నిర్మల్ నుంచి నాందేడు పోయే బస్సు నాలుగు గంటలకు గిర్ని ముందు నుంచే పోయేది. సిద్దిరాములు పోయినేటి పంచాంగం తిప్పి తారీకు పట్టాడు. వేళ దగ్గర నాలుగున్నర అని రాశాడు. ఆ తర్వాత వారం రోజులు ఒక్కొక్కరే వచ్చారు. ఆ పనిలో ఒక సంబరం ఉండేదని ఆయన తర్వాత్తర్వాత చెప్పుకునేవాడు. దెబ్బల ముచ్చట్లలో సంబరమేమిటని ఎవరైనా అడిగితే, వాళ్లు నవ్వుకుంటూ చెప్పడం మీరు చూడలేదు కదా అనేవాడు. ఒకరు మరిచిపోయింది ఇంకొకరు అందించేవారు. ఆ దినం ఏం కూర వండుకున్నారో, ఎవరు ఏ చీర కట్టుకున్నారో అంతా గుర్తే. వాళ్లే దానికి 'దెబ్బల బుక్కు' అని పేరు పెట్టారు. 

అలా ఎనిమిది పేర్లు తేలాయి. పాతవాటి పక్కన 'ఆలస్యంగా రాసింది' అని ఆయన నిజాయితీగా రాసిపెట్టాడు. కారణం గడిలో మాత్రం అందరికీ ఒకటే మాట పడింది, ఏమరుపాటు. ఎందుకైందని అడిగితే వాళ్లూ అదే చెప్పారు. "ఏం జెయ్యాలె, నేనే సూస్కోలే" అని. చివరికి ఆఫీసుకు పంపాల్సిన కాగితం నింపి, కింద హాజిరీ ముంషీ అని దస్తకత్ చేసి, తనే పోస్టులో వేసి వచ్చాడు.

పది దినాలకు, తనిఖీకి వస్తున్నామని హైదరాబాద్ నుంచి జవాబు వచ్చింది. కవరు సేట్ చేతిలో పడింది. 

"పన్నెండేండ్ల సంది నా ఉప్పు తిన్నవ్. నా గిర్ని మీద మచ్చ పెట్టబుద్ధి ఎట్లయింది నీకు?" అన్నాడు సేట్. కేకలు వేయలేదు. నొచ్చుకున్నట్టు అన్నాడు. అదే సిద్దిరాములుకు ఎక్కువ బాధ కలిగించింది.

"మచ్చ నేను పెట్టలే సేట్. అయింది అయినట్టు రాసిన. కానిది ఒక్కటున్నా సూపెట్టుండ్రి, నేనే కొట్టేస్త."

సేట్ ఏమీ చూపించలేదు. మర్నాటి నుంచి సిద్దిరాములు హాజిరీ గదిలో కాకుండా, ఎండలో పత్తి బండ్లు తూకం వేసే కాంటా దగ్గర నిలబడ్డాడు. ఆయన భార్య భూమవ్వ సద్దిమూటలో ఇంకో రొట్టె ఎక్కువ పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ ఫిబ్రవరి చివర్లో వచ్చాడు. రిజిస్టర్ తెప్పించుకుని, సేట్ పక్కన కూచుని, వేలు పెట్టి ఒక్కో పంక్తీ చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత రాసిన ముంషీని పిలవమన్నాడు. సిద్దిరాములు కాంటా దగ్గర నుంచి దుమ్ము దులుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు. తప్పు పట్టడానికే పిలిచాడనుకున్నాడు.

"ఈ ఎనిమిది మందిలో ఆరుగురికి ఏడో మిషన్ దగ్గరో ఎనిమిదో మిషన్ దగ్గరో దెబ్బ తగిలింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఉర్దూలో. "ఆరుగురికీ నాలుగున్నరకూ అయిదుకూ మధ్యనే. అదీ చలికాలంలోనే. ఆరుగురూ ఒకే చోట, ఒకే వేళకు ఏమరుతారా?"

సిద్దిరాములు ఒంగి రిజిస్టర్ చూశాడు. ఎనిమిది పంక్తులూ రాసింది తనే. నాందేడు బస్సు పోయాక అని అంతమంది చెబుతుంటే విన్నదీ తనే. ఒకదాని కింద ఒకటి పెట్టి చూడాలని మాత్రం తట్టలేదు.

అప్పుడు టైము నాలుగు దాటింది. ముగ్గురూ లోపలికి వెళ్లారు. ఇన్‌స్పెక్టర్ ఇంజన్ ఆపించి, ఏడో మిషన్ దగ్గరి మనిషిని లేపి, ఆ ఎత్తుపీట మీద తనే కూచున్నాడు. వెంటనే చేయి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. దుమ్ము పోవడానికి పడమటి గోడకు పైన ఒక కిటికీ వదిలారు. వాలుతున్న ఎండ అందులోంచి సూటిగా ఆ రెండు పీటల మీదే పడుతోంది. మిగతా మిషన్లకు స్తంభాల నీడ ఉంది. 

"మీకు ఇక్కడ కండ్లు జిగేలుమనవా?" అని ఆయన అడిగితే, చంద్రవ్వ తేలిగ్గా చెప్పింది. "పొద్దు కండ్లల్ల కొడ్తది సారూ. దినాం కొట్టేదే గద, గదేం ముచ్చటని ఎవ్వలకు జెప్పలే."

సేట్ కూడా ఆ పీట మీద కూచున్నాడు. ముప్పై ఏండ్లుగా ఆ గిర్ని ఆయనది. ఆ పీట మీద కూచోవడం అదే మొదటిసారి. చాలాసేపు లేవలేదు. లేచాక సిద్దిరాములు మొహం చూడలేక, కిటికీ వైపు చూస్తూ, "రేపు మేస్త్రిని పిలువుండ్రి" అన్నాడు.

ఆ కిటికీ మూసి ఉత్తరం గోడకు వేరే కిటికీ పెట్టారు. రోలర్లకు అడ్డంగా ఇనుప జాలి బిగించారు. చట్టం ప్రకారం దేవవ్వకు దక్కాల్సిన పరిహారం దక్కింది. జాలి వల్ల పని నెమ్మదిస్తోందని ఒకరిద్దరు తీసేయబోతే చంద్రవ్వ ఊరుకోలేదు. సేట్ సిద్దిరాములును మళ్లీ హాజిరీ గదికి రమ్మని నోటితో అనలేదు. ఒక పొద్దున ఆ గది తాళంచెవిని కాంటా మీద పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటి సంవత్సరం రాష్ట్రాలు మారాయి. నాందేడు జిల్లాలో ఉన్న భైంసా ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఉర్దూ రాతలు మెల్లగా తగ్గిపోయాయి. సిద్దిరాములు నలభై రెండో ఏట పలక కొనుక్కుని తెలుగు గుణింతం దిద్దాడు. ఆ తెలుగు రాత ఉర్దూ అంత అందంగా ఎన్నడూ రాలేదు. దెబ్బల బుక్కులో అప్పుడప్పుడు ఒక పంక్తి పడేది. మెట్ల మీద జారినవాళ్లో, బోరా మీద పడినవాళ్లో. ఏడో మిషన్, ఎనిమిదో మిషన్ అన్న మాట మళ్లీ రాయాల్సి రాలేదు.

కంటిచూపు మందగించాక, పంతొమ్మిదివందల అరవై ఆరులో ఉద్యోగం మానేసి, భార్యతో కలిసి చెల్లెలున్న ధర్మపురికి వచ్చేశాడు. రెండేండ్లకు నరసింహస్వామి జాతరకు భైంసా నుంచి ఒక గుంపు వచ్చింది. వాళ్లలో దేవవ్వ ఉంది. వెతుక్కుంటూ ఇంటికొచ్చి గడపలో నిలబడితే, ఆయన చూపు ఆనక ముందు గుర్తుపట్టలేదు. ఆమె రెండడుగులు వేసేసరికి గుర్తుపట్టాడు.

"ముకద్దం అయినవట గద" అన్నాడు.

"మూడేండ్లాయె. అరవై మంది నా మాట ఇంటరు. ఇంట్ల మొగడే ఇనడు" అంది దేవవ్వ, కాళ్లు చాపుకుని కూచుంటూ.

భూమవ్వ చాయ్ ఇచ్చింది. పాత మనుషుల్ని ఒక్కొక్కరినీ తలుచుకున్నారు. ఎవరి కోడలు ఎవరితో పోట్లాడిందో, ఎవరు ఇల్లు కట్టారో, ఇంజన్ పోయి కరెంటు మోటార్లు వచ్చాక చప్పుడు ఎంత తగ్గిందో చెప్పింది. ఇప్పటి పిల్లలు పెదాలు చూసి మాట్లాడలేరని, అంతా నోటితోనే అంటారని ఫిర్యాదు చేసింది.

"చంద్రవ్వ మంచిగున్నదా?" అని అడిగాడు సిద్దిరాములు.

దేవవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "కార్తీకంల పోయింది సిద్దన్నా. నీకు కార్డు రాపిద్దమనుకున్నం. ఎవ్వలం రాపియ్యలే."

ఆయన కండువా భుజాన వేసుకుని లేచాడు. ఇద్దరూ గోదావరికి నడిచారు. జాతర జనంలో తోసుకుంటూ, మెట్లు దిగడానికి ఆయన దేవవ్వ భుజం పట్టుకున్నాడు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి, చంద్రవ్వ పేరు చెప్పి మూడు దోసిళ్లు వదిలాడు. పక్కన దేవవ్వ కూడా వదిలింది.

"గోత్రం ఎర్కలేదు" అన్నాడాయన.

"ఆమెకు సుత ఎర్కలేకుండె తియ్యి" అంది దేవవ్వ, చీర కొంగు పిండుకుంటూ.