అవ్వకు వినపడిన అల్లుడు

సూది మందు వేసే ముందు నర్సమ్మ నా జబ్బ మీద తడి దూది రుద్దినప్పుడల్లా, ఆ స్పిరిట్ వాసనతో పాటు ఒక పరాయి మాట నా నాలుక చివరికి వచ్చి నిలబడుతుంది. బడిలో మా చేత నూలు వడికే తకిలీలు తిప్పించే రోజుల్లో, పలమనేరులో నేర్చిన మాట అది.

మా అవ్వ, అంటే నాయనకు అమ్మ, చలికాలం పొద్దున వసారాలో ఎండకు కాళ్ళు చాపుకుని, పక్కన మేము నిప్పట్లు కరకరమనిపిస్తూ ఉంటే, పత్తిలోంచి గింజలు తీసి, దూదిని పింజలుగా విడదీసి వెదురు గంపలో వేసేది. ఒకరోజు నేను ఆ మెత్తటి గంపలోకి దూకబోయి సీసా పెంకు తొక్కాను. అవ్వ నన్ను చంకనేసుకుని కన్యాస్త్రీల ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడి సిస్టరమ్మది స్పెయిన్ దేశం. నెత్తురు చూసిన కంగారులో వచ్చిన కాస్త తెలుగూ మరిచిపోయి, "ఆల్గొదోన్! ఆల్గొదోన్!" అని కేకలు పెట్టింది.

అవ్వ బిత్తరపోయింది. "అల్లుడోణ్ణి పిలవమంటాండావా తల్లీ? నాకు ఆడబిడ్డలే లేరే, అల్లుడు యాడ్నించి వస్తాడు? కాలికి కట్టు కట్టేదానికి అల్లుడెందుకు?"

ఆయా దూది చుట్ట తెచ్చాక గాని, ఆమె అడిగింది దూదినేనని తేలలేదు. సిస్టరమ్మ నవ్వుకుంటూ కట్టు కట్టి, నాలుక కొసను పళ్ళకు ఆనీ ఆనకుండా ఆనించి ఆ మాట నాకు నేర్పింది. బదులుగా అవ్వ దగ్గర "దూది" నేర్చుకుంది.

మర్నాడు కుంటుకుంటూ బడికి పోయి ఈ వింత చెప్పాను. అంతకు ముందు వారమే, చిరుతపులి మా ఇంటికొచ్చి రాగి అంబలి తాగి మూతి తుడుచుకుని పోయిందని చెప్పి ఉన్నాను.

"పో మే, కోతల కమలా!" అంది నా పక్కన కూర్చునే రత్నం. "పులికి అంబలి పోసినోళ్ళు ఏమైనా సెప్తారు."

నా అబద్ధాలన్నీ నోరు తెరుచుకుని విన్నవాళ్ళే నా ఒక్క నిజానికి నవ్వారు. రత్నం చేత అవుననిపించేదాకా వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

కట్టు విప్పే రోజున చెనక్కాయ ఉండ ఆశ చూపి రత్నాన్ని ఆసుపత్రికి వెంట లాక్కుపోయాను. పావడా మడతలో దాచిన అవ్వ దూదిని తీసి, "ఇదేంది సిస్టరమ్మా?" అన్నాను.

సిస్టరమ్మ ఎంతో గర్వంగా, "దూది!" అంది.

రత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. "సూసినావా మే? స్పెయిన్‌లో కూడా దూదేనంట!"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కదల్లేదు. "అట్ల కాదు. మీ ఇంట్లో, మీ అమ్మ ఏమంటాది?"

సిస్టరమ్మ నవ్వు ఆగిపోయింది. దూదిని చెంపకు ఆనించుకుని, తనకు తానే చెప్పుకున్నట్టు, "ఆల్గొదోన్" అంది. ఇంటిదాకా రత్నం చేత ఆ మాట వందసార్లు అనిపించాను.

ఆ ఆసుపత్రి ఉన్న చోట ఇప్పుడు లారీల షెడ్డు ఉంది. అవ్వ గంప లేదు. దూది నీలం కాగితం చుట్టుకుని మందుల షాపులో దొరుకుతుంది. రత్నం మాత్రం కార్వేటినగరంలో ఉంది. ఆమెకు దూది లాంటి మెత్తని అల్లుడు దొరికాడు. మొన్న నేను పోయినప్పుడు, "మా ఆల్గొదోన్ వచ్చినాడు మే!" అని వాకిట్లోంచి కేకేసింది. అదేదో ఇంగ్లీషు బిరుదనుకుని ఆ పిల్లాడు చొక్కా సర్దుకున్నాడు.

ఇది కోత కాదు. కావాలంటే రత్నాన్ని అడగండి.